పాఠశాల ప్రతిజ్ఞలో దైవ ప్రస్తావన ఉండాలా? భిలాయి నేపథ్యంలో ఒక పాత ప్రశ్న

బడిలో తొలి గంట మోగగానే పిల్లలు వరుసల్లో నిలబడే కార్యక్రమాన్ని తెలుగునాట 'ప్రార్థన' అంటారు. హిందీ మాట్లాడే ప్రాంతాల్లో 'ప్రార్థనా సభ' అంటారు. ఆ పావుగంటలో జాతీయ గీతం ఉంటుంది, ప్రతిజ్ఞ ఉంటుంది, ఆనాటి వార్తలు, సూక్తి, ప్రధానోపాధ్యాయుల సూచనలు ఉంటాయి. వీటిలో అచ్చంగా ప్రార్థన అనదగినది ఒక్క భాగమే. అయినా మొత్తం కార్యక్రమానికి ఆ పేరే స్థిరపడింది. దేశభక్తి, దైవభక్తి మన బడుల్లో ఎంత దగ్గరగా కూర్చున్నాయో చెప్పడానికి ఈ ఒక్క మాట చాలు.

అందుకే ఒక ప్రశ్న తరచూ తలెత్తుతుంది. ప్రజాధనంతో నడిచే పాఠశాలలో పిల్లలందరూ కలసి చెప్పే దేశభక్తి వాక్యాల్లో మతపరమైన పదాలు ఉండవచ్చా? ఉంటే, నమ్మకం లేని పిల్లలూ, వేరే నమ్మకం ఉన్న పిల్లలూ ఏం చేయాలి? ఉండకూడదంటే, తరతరాలుగా వస్తున్న భాషను, సంస్కృతిని బడి గేటు బయట వదిలి రమ్మన్నట్టు కాదా? ఈ ప్రశ్నకు సంబంధించిన చరిత్రను, చట్టాన్ని, ఇరుపక్షాల వాదనలను ఈ వ్యాసం క్లుప్తంగా వివరిస్తుంది.

భిలాయిలో ఈ ప్రశ్న ఎందుకు?

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో ఉన్న భిలాయి, దేశంలో ప్రణాళికాబద్ధంగా వెలసిన తొలితరం ఉక్కు నగరాల్లో ఒకటి. కర్మాగార నిర్మాణానికి సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారంతోపాటే సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్, అందులో ఉద్యోగుల పిల్లల కోసం పాఠశాలలు ఏర్పడ్డాయి.

ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. మలయాళీలు, బెంగాలీలు, పంజాబీలు, ఒడియావారు, మరాఠీలు, బిహారీలతోపాటు తెలుగువారూ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. 1931లో పూర్తయిన రాయపూర్-విజయనగరం రైలు మార్గం ఉత్తర కోస్తాకు, ఛత్తీస్‌గఢ్ మైదానానికి అప్పటికే రాకపోకలు కల్పించింది. క్వార్టర్ల వరుసలో పక్కపక్క ఇళ్లవారు వేరువేరు భాషలు మాట్లాడేవారు, వేరువేరు పండుగలు చేసుకునేవారు. వారి పిల్లలు మాత్రం ఒకే బడికి వెళ్లేవారు, ఒకే వరుసలో నిలబడేవారు.

భిలాయి వైవిధ్యం వలస వచ్చినవారితో ముగిసిపోదు. చుట్టుపక్కల గ్రామాల్లో గురు ఘాసీదాస్ బోధనలను అనుసరించే సత్నామీలు గణనీయంగా ఉన్నారు. వారి సంప్రదాయం విగ్రహారాధనను తిరస్కరించి నిరాకారుడైన సత్నామాన్ని కొలుస్తుంది. కబీర్ పంథీయులూ ఈ ప్రాంతంలో ఎక్కువే. దక్షిణాన ఉన్న ఆదివాసులకు తమ గ్రామదేవతలు, తమ ఆచారాలు ఉన్నాయి. కనుక 'దేవుడు' అనే ఒక్క మాట ఇక్కడి పిల్లల మనసుల్లో ఒకే రూపాన్ని తీసుకురాదు. ఈ చర్చను రెండు మతాల మధ్య తగవుగా మాత్రమే చూసేవారు గమనించవలసిన విషయమిది.

విశాఖలో పుట్టిన ప్రతిజ్ఞ

దేశమంతటా బడిపిల్లలు చెప్పే జాతీయ ప్రతిజ్ఞ తొలుత తెలుగులో రాసినది. దాని రచయిత పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో 1916లో జన్మించిన ఆయన, 1962లో విశాఖపట్నంలో ఖజానా అధికారిగా పనిచేస్తున్నప్పుడు ఈ ప్రతిజ్ఞను రూపొందించారు. అది చైనాతో యుద్ధం జరిగిన సంవత్సరం. ఆయన దానిని తెన్నేటి విశ్వనాథంకు చూపగా, వారు నాటి ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి పి.వి.జి. రాజు దృష్టికి తీసుకువెళ్లారు. 1963లో విశాఖలోని ఒక పాఠశాలలో దీనిని తొలిసారి చదివించారు. 1964లో ఎం.సి. చాగ్లా అధ్యక్షతన బెంగళూరులో జరిగిన కేంద్ర విద్యా సలహా మండలి సమావేశం దేశవ్యాప్తంగా ప్రతిజ్ఞ చేయించాలని నిర్ణయించింది. 1965 జనవరి 26 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఈ ప్రతిజ్ఞలో దేశాన్ని ప్రేమించడం, వైవిధ్యంతో కూడిన వారసత్వాన్ని గౌరవించడం, తల్లిదండ్రులను, గురువులను, పెద్దలను మన్నించడం, అందరితో మర్యాదగా మెలగడం ఉన్నాయి. తెలుగు పాఠంలో జంతువుల పట్ల దయ కూడా ఉంది. దైవ ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు. ఎవరి సాక్షిగానో కాక, పిల్లవాడు తన దేశానికీ, తన ప్రజలకూ నేరుగా ఇచ్చే మాట అది. కాబట్టే భాష ఏదైనా, మతం ఏదైనా, దానిని పలకడానికి వెనుకాడవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. భిలాయి పిల్లలు హిందీలోనో ఇంగ్లీషులోనో చెప్పే ఆ వాక్యాలకు మూలం తెలుగు అన్న సంగతి అక్కడి తెలుగు కుటుంబాల్లోనూ చాలామందికి తెలియదు.

ప్రతిజ్ఞ రాజ్యాంగంలో భాగం కాదు. పార్లమెంటు చేసిన చట్టమూ కాదు. అరవై ఏళ్లుగా అది నిలిచింది ప్రధానంగా అందరి సమ్మతితోనే.

రాజ్యాంగ సభలో ఒక ఓటింగు

దేశం తరఫున చెప్పే మాటల్లో దేవుని పేరు ఉండాలా అన్న చర్చ స్వాతంత్ర్యం వచ్చిన తొలిరోజుల్లోనే జరిగింది. 1949 అక్టోబరు 17న రాజ్యాంగ సభ పీఠికను చర్చకు చేపట్టింది. సెంట్రల్ ప్రావిన్సెస్-బేరార్ నుంచి ఎన్నికైన హెచ్.వి. కామత్, పీఠిక దేవుని పేరుతో మొదలు కావాలంటూ సవరణ ప్రతిపాదించారు. నాటి దుర్గ్ జిల్లా కూడా ఆ ప్రావిన్సులోనిదే.

సవరణను వ్యతిరేకించినవారందరూ నాస్తికులు కారు. విశ్వాసం వ్యక్తికి సంబంధించినదనీ, సమష్టి ప్రకటన ద్వారా దానిని అందరి మీదా రుద్దడం ఆరాధనా స్వేచ్ఛకు విరుద్ధమనీ పట్టం థాను పిళ్లై వాదించారు. హృదయనాథ్ కుంజ్రూ సైతం అదే భావం వ్యక్తం చేశారు. ఇంత పవిత్రమైన విషయాన్ని ఓటింగుకు పెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ విజ్ఞప్తి చేశారు. దేవుని పేరు చేర్చేట్టయితే దేవత పేరు కూడా చేర్చాలని రోహిణీ కుమార్ చౌధురీ అన్నారు. ఒక మాట చేర్చగానే మరొక మాట ఎందుకు చేర్చలేదన్న ప్రశ్న ఎలా పుడుతుందో ఆ ఒక్క రోజు చర్చే చూపింది. చివరకు కామత్ పట్టుబట్టడంతో ఓటింగు జరిగింది. సవరణకు అనుకూలంగా 41, వ్యతిరేకంగా 68 ఓట్లు వచ్చాయి. ఆనాడు సభాధ్యక్ష స్థానంలో ఉన్నది, తరువాత భిలాయి కొలిమిని ప్రారంభించిన రాజేంద్రప్రసాదే.

అయితే రాజ్యాంగం దైవాన్ని పూర్తిగా వెలివేయలేదు. మూడో షెడ్యూలులో మంత్రులు, శాసనకర్తలు, న్యాయమూర్తులు చేసే ప్రమాణాలకు రెండు రూపాలు ఇచ్చింది. ఇష్టమైనవారు 'దైవసాక్షిగా' అనవచ్చు, కానివారు 'ఆత్మసాక్షిగా' అనవచ్చు. రెంటికీ విలువ సమానమే. ఎవరు ఏది ఎంచుకున్నా వారి దేశభక్తిని ఎవరూ శంకించరు. పెద్దలకు ఇచ్చిన ఈ వెసులుబాటు పిల్లలకు ఉందా అన్నదే పాఠశాలల విషయంలో అసలు ప్రశ్న.

చట్టం ఏం చెబుతోంది?

రాజ్యాంగం 28వ అధికరణ విద్యాసంస్థల్లో మతబోధనకు సంబంధించినది. పూర్తిగా రాజ్య నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధన ఉండరాదని దాని మొదటి ఖండం చెబుతోంది. ప్రభుత్వ నిర్వహణలో ఉన్నా, మతబోధన తప్పనిసరి అన్న షరతుతో ఏదైనా ధర్మనిధి లేదా ట్రస్టు స్థాపించిన సంస్థలకు రెండో ఖండం మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వ గుర్తింపు లేదా ఆర్థిక సహాయం పొందే సంస్థల్లో మతబోధనలోగానీ, ఆరాధనలోగానీ పాల్గొనాలని ఎవరినీ నిర్బంధించరాదని మూడో ఖండం చెబుతోంది. పాల్గొనేది మైనరు అయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి.

ఉక్కు నగరాల పాఠశాలల విషయంలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్రభుత్వరంగ సంస్థ తన ఆదాయంతో నడిపే బడిని 'పూర్తిగా రాజ్య నిధులతో నడిచే' బడి అనవచ్చునా అన్నది వ్యాఖ్యానాన్ని బట్టి ఉంటుంది. కానీ అలాంటి బడులకూ ప్రభుత్వ గుర్తింపు ఉంటుంది కాబట్టి, మూడో ఖండం ఇచ్చే రక్షణ అక్కడి పిల్లలకు కనీసంగా వర్తిస్తుంది.

మతబోధన వేరు, మతాల గురించి నేర్పడం వేరు అని న్యాయస్థానాలు చెప్పాయి. పాఠ్యప్రణాళికలో మతాల గురించిన జ్ఞానాన్ని, విలువలను చేర్చడంపై వచ్చిన అరుణా రాయ్ కేసులో 2002 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఈ భేదాన్ని గుర్తించింది. రామాయణాన్ని పాఠంగా చదవడం, బుద్ధుని కథ వినడం, క్రీస్తు జీవితాన్ని తెలుసుకోవడం 28వ అధికరణకు విరుద్ధం కావు. కానీ చదవడానికీ, చేతులు జోడించి పలకడానికీ తేడా ఉంది. పాఠంలోని వాక్యం ఎవరో చెప్పినది. ప్రతిజ్ఞలోని వాక్యం 'నేను' చెప్పేది.

నిలబడి, పాడకుండా ఉన్న పిల్లలు

ఈ అంశంపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల్లో ప్రధానమైనది 1986 ఆగస్టు 11 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు తీర్పు. దానిని వెలువరించిన ధర్మాసనానికి నేతృత్వం వహించింది అనంతపురం జిల్లా గుత్తికి చెందిన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. జస్టిస్ ఎం.ఎం. దత్ రెండో న్యాయమూర్తి.

కేరళలో యెహోవాసాక్షుల శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు జాతీయ గీతం పాడే సమయంలో గౌరవంగా నిలబడేవారు, కానీ గొంతు కలిపేవారు కారు. తమ దేవుని స్తుతి తప్ప మరే స్తుతి గీతమూ పాడకూడదన్నది వారి విశ్వాసం. 1985 జులైలో వారిని బడి నుంచి తొలగించారు. జాతీయ గీతాన్ని విధిగా పాడాలని ఏ చట్టమూ చెప్పడం లేదనీ, మర్యాదగా నిలబడటం అగౌరవం కాదనీ సుప్రీంకోర్టు తేల్చింది. చట్టబలం లేని శాఖాపరమైన ఉత్తర్వులతో భావ ప్రకటనా స్వేచ్ఛను, మనస్సాక్షి స్వేచ్ఛను కుదించడం చెల్లదని చెబుతూ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. సహనం మన సంప్రదాయంలోనూ, తత్త్వంలోనూ, రాజ్యాంగంలోనూ ఉన్నదనీ, దానిని పలుచబరచరాదనీ తీర్పు ముగింపులో పేర్కొంది.

1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం కూడా గీతాలాపనను ఉద్దేశపూర్వకంగా అడ్డుకోవడాన్ని, పాడేవారి సమావేశానికి భంగం కలిగించడాన్ని శిక్షార్హం చేసింది. మౌనాన్ని నేరంగా చెప్పలేదు.

ఈ కేసులో ఇంకొక ఆలోచింపజేసే అంశం ఉంది. జాతీయ గీతం ఏ ఒక్క మతానిదీ కాదని మనం భావిస్తాం. కానీ అది భారత భాగ్యవిధాతను సంబోధించే గీతం. ఆ విధాత ఎవరన్నది రవీంద్రనాథ్ టాగూర్ స్వయంగా వివరించవలసి వచ్చింది. యుగయుగాలుగా మానవుల రథాన్ని నడిపే సారథినే ఉద్దేశించానని ఆయన 1937లో ఒక లేఖలో స్పష్టం చేశారు. అంటే, ఎంతో విశాలంగా రాసిన మాటలోనూ ఒక దైవభావన ఉంది. దానిని చాలామంది తమ విశ్వాసానికి అనుగుణంగా అన్వయించుకోగలిగారు. కొందరు అలా అన్వయించుకోలేకపోయారు. ఆ కొందరి కోసమే కోర్టు మౌనానికి చోటు కల్పించింది.

వందేమాతరం: నిషేధం, నిర్బంధం

మతపరమైన పదాల చర్చలో ఎక్కువగా వినిపించే పేరు వందేమాతరం. బంకించంద్ర ఛటర్జీ దీనిని 1875లో రచించారని పరిగణిస్తూ 2025 నవంబరులో 150 ఏళ్ల ఉత్సవాలు మొదలుపెట్టారు. తరువాత ఆయన 'ఆనందమఠం' నవలలో ఇది చేరింది. గీతంలోని తొలి రెండు చరణాలు నేలతల్లి సౌందర్యాన్ని వర్ణిస్తాయి. తరువాతి చరణాల్లో ఆ తల్లి దుర్గగా, లక్ష్మిగా, సరస్వతిగా దర్శనమిస్తుంది. 1937లో కాంగ్రెస్ కార్యవర్గం టాగూర్ సలహాను కూడా పరిగణనలోకి తీసుకుని, జాతీయ సమావేశాల్లో తొలి రెండు చరణాలనే పాడాలని సూచించింది. 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో రాజేంద్రప్రసాద్ చేసిన ప్రకటన జనగణమనను జాతీయ గీతంగా, స్వాతంత్ర్య సమరంలో చరిత్రాత్మక పాత్ర వహించిన వందేమాతరాన్ని దానితో సమాన గౌరవం గల గేయంగా నిలిపింది.

ఈ గేయం విషయంలో తెలుగువారికి రెండు అనుభవాలు ఉన్నాయి, రెండూ నిషేధానికి సంబంధించినవే. 1907లో బిపిన్ చంద్రపాల్ పర్యటన తరువాత రాజమహేంద్రవరంలో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించినందుకు శిక్షలు ఎదుర్కొన్నారు. ఆనాడు కళాశాల నుంచి బహిష్కృతులైనవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. 1938లో నిజాం రాష్ట్రంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహాల్లో విద్యార్థులు ఈ గేయాన్ని ప్రార్థనగా పాడగా అధికారులు నిషేధించారు. సమ్మెకు దిగినవారిని బహిష్కరించారు. పి.వి. నరసింహారావు ఆ ఉద్యమంలో పాల్గొన్న విద్యార్థుల్లో ఒకరు. జైలులో కొరడా దెబ్బలు తింటూ ఈ నినాదం పలికిన రామచంద్రరావుకు 'వందేమాతరం' ఇంటిపేరుగా స్థిరపడింది.

బహిష్కృత విద్యార్థులకు ఆశ్రయమిచ్చింది నాగపూర్ విశ్వవిద్యాలయం. అది సెంట్రల్ ప్రావిన్సెస్-బేరార్ రాజధాని. ఆ ఏడాదే అక్కడ మరొక పదం మీద వివాదం నడుస్తోంది. రాయపూర్‌కు చెందిన రవిశంకర్ శుక్ల విద్యామంత్రిగా గ్రామీణ పాఠశాలల పథకానికి 'విద్యామందిర్' అని పేరు పెట్టారు. 'మందిర్' అంటే ఇల్లు అన్న అర్థమూ ఉందని సమర్థకులు చెప్పగా, అది గుడిని సూచిస్తుందని ముస్లిం లీగ్ అభ్యంతరం తెలిపింది. పాఠశాలల్లో వందేమాతరం పాడించడమూ లీగ్ ఫిర్యాదుల్లో ఉంది. తరువాతి కాలంలో మధ్యప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయిన ఈ శుక్లే ఉక్కు కర్మాగారం ఛత్తీస్‌గఢ్‌కు రావడానికి కృషి చేసిన నాయకుల్లో ఒకరు.

ఒకే ఏడాది, ఒకే గేయం. హైదరాబాదులో పాడినందుకు విద్యార్థులను బడి నుంచి పంపించారు. పొరుగు ప్రావిన్సులో పాడించినందుకు కొందరు తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే, బాధకు మూలం గేయంలో కన్నా దాని వెంట వచ్చిన అధికారంలో ఎక్కువగా ఉందని అర్థమవుతుంది. పలకరాదనడమూ, పలికి తీరాలనడమూ విద్యార్థి మనస్సాక్షిని తోసిపుచ్చేవే.

స్వతంత్ర భారతంలో కూడా ఈ విషయంపై ఆదేశాలు వెలువడ్డాయి. 2017 జులైలో మద్రాసు హైకోర్టు తమిళనాడు విద్యాసంస్థల్లో వారానికి కనీసం ఒకసారి వందేమాతరం పాడించాలని చెబుతూనే, తగిన కారణం ఉన్నవారిని నిర్బంధించరాదని పేర్కొంది.

కేంద్రీయ విద్యాలయాల ప్రార్థన

కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలు ఎక్కువగా చదివే కేంద్రీయ విద్యాలయాల్లో ఉదయం సంస్కృత, హిందీ ప్రార్థన చేయడం ఆనవాయితీ. 'అసతోమా సద్గమయ' అనే ఉపనిషద్వాక్యం అందులో ఉంది. ఇది 28వ అధికరణకు విరుద్ధమంటూ మధ్యప్రదేశ్‌లోని జబల్‌పూర్‌కు చెందిన ఒక న్యాయవాది సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2018 జనవరిలో కోర్టు కేంద్రానికి నోటీసు జారీ చేసింది. 2019 జనవరి 28న జస్టిస్ రోహింటన్ నారీమన్, జస్టిస్ వినీత్ శరణ్‌ల ధర్మాసనం ఈ ప్రశ్నను రాజ్యాంగ ధర్మాసనం పరిశీలించవలసి ఉందని అభిప్రాయపడింది.

ఆ వాక్యం సార్వకాలిక సత్యాన్ని చెబుతుందనీ, సంస్కృతంలో ఉన్నంత మాత్రాన మతపరమైనది కాబోదనీ కేంద్రం తరఫున సొలిసిటర్ జనరల్ తుషార్ మెహతా వాదించారు. అది ఉపనిషత్తులోనిది కదా అని జస్టిస్ నారీమన్ ప్రస్తావించినప్పుడు, సుప్రీంకోర్టు చిహ్నంపై ఉన్న ధర్మవాక్యం కూడా మహాభారతం నుంచి తీసుకున్నదేనని ఆయన బదులిచ్చారు.

ఈ సంవాదంలోనే సమస్య మొత్తం ఇమిడి ఉంది. చీకటి నుంచి వెలుగుకు నడిపించమని కోరడంలో ఏ పిల్లవాడికి అభ్యంతరం ఉంటుంది? కానీ ఎవరిని కోరుతున్నాం అన్న ప్రశ్న వేసుకునే విద్యార్థి కూడా ఉంటాడు. ఆ విద్యార్థి అడగడం తప్పు కాదు. చిహ్నంపై ఉన్న వాక్యాన్ని చూస్తూ ఎవరైనా నడిచిపోవచ్చు. వరుసలో నిలబడి చేతులు జోడించమన్నప్పుడు అలా నడిచిపోవడం పదేళ్ల పిల్లవాడికి సాధ్యం కాదు.

తల్లి అనే రూపకం

మన భాషల్లో నేలను తల్లిగా సంబోధించడం సహజం. ప్రతిజ్ఞ తెలుగు పాఠంలో 'మాతృభూమి' అన్న పదం ఉంది. ఇంగ్లీషు పాఠం 'దేశం' అని ఊరుకుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం శంకరంబాడి సుందరాచారి రాసిన తెలుగుతల్లి గీతం. అందెశ్రీ రాసిన గీతాన్ని తెలంగాణ 2024 జూన్ 2న రాష్ట్ర గీతంగా అధికారికంగా స్వీకరించింది. నరేంద్రదేవ్ వర్మ రాసిన గీతాన్ని ఛత్తీస్‌గఢ్ 2019 నవంబరులో రాష్ట్ర గీతంగా ప్రకటించింది. అందులో నదులు, కొండలు, జిల్లాలు ఒక తల్లి రూపాన్ని దాలుస్తాయి.

తల్లి అన్నంత మాత్రాన దేవత కాదు. తల్లిని గౌరవించని మతం లేదు. ఆ తల్లికి విగ్రహం, హారతి, ఆయుధం, వాహనం చేరినప్పుడే రూపకం ఆరాధనగా మారుతుంది. 1937లో గీసిన గీత సరిగ్గా ఈ రెంటి మధ్యనే ఉంది. రూపకం ఎక్కడ ముగుస్తుంది, ఆరాధన ఎక్కడ మొదలవుతుంది అన్న విషయంలో ఒక్కొక్క కుటుంబానిది ఒక్కొక్క లెక్క. ఆ తేడాను బడి గుర్తించగలిగితే సగం తగవులు తీరిపోతాయి.

ఇరుపక్షాల వాదనలు

మతపరమైన పదాలు ఉండవచ్చని చెప్పేవారి వాదనలు తేలికగా కొట్టివేయదగినవి కావు. భారతీయ భాషల్లో నైతికతకూ, భక్తికీ పదజాలం ఉమ్మడిగా ఉంది. 'ధర్మం', 'వందనం', 'విద్య', 'గురువు' వంటి మాటలన్నింటినీ మతపరమైనవని తీసివేస్తే భాషే బోసిపోతుంది. సెక్యులర్ రాజ్యం అంటే అన్ని మతాలను సమానంగా గౌరవించేదే తప్ప, మతాన్ని చూసి ముఖం తిప్పుకునేది కాదు. స్వాతంత్ర్య సమరంలో ప్రాణాలిచ్చినవారు పలికిన మాటలను ఇప్పుడు అభ్యంతరకరం అనడం వారి స్మృతికి న్యాయం కాదు. అత్యధికుల పిల్లలు తమ సంస్కృతిని బడిలో వినాలనుకోవడం సహజమైన కోరిక అని కూడా వారు చెబుతారు.

వద్దనేవారు చెప్పేది ఇది. ప్రభుత్వ బడి అందరి పన్నులతో నడుస్తుంది. కూలి పనికి వెళ్లే తల్లిదండ్రులకు ఆ బడి తప్ప మరో దారి ఉండదు. నచ్చకపోతే వేరే బడికి వెళ్లమనడం వారి విషయంలో అర్థం లేని మాట. పాల్గొనడం ఐచ్ఛికమే అని కాగితం మీద ఉన్నా, నాలుగు వందల మంది గొంతు కలిపినప్పుడు ఒక్కరు మౌనంగా నిలబడటం పసివయసులో పెద్ద పరీక్ష. తోటివారి చూపులే ఆ పిల్లవాడిని నీవు మాలో ఒకడివి కావన్నట్టు దూరం పెడతాయి. దేశభక్తికి మతం షరతు అయితే, ఆ మతం లేనివారి దేశభక్తి అరకొరదన్న భావం పిల్లల మనసుల్లో నాటుకుంటుంది.

మూడో వాదన విశ్వాసుల వైపు నుంచే వస్తుంది. రోజూ యాంత్రికంగా, హాజరు కోసం, వరుసలో నిలబడి చెప్పే దైవనామం భక్తిని పెంచదని వారు అంటారు. నిరాకారాన్ని కొలిచే సత్నామీ కుటుంబానికీ, ఇంట్లో నిష్ఠగా పూజ చేసుకునే కుటుంబానికీ, నమాజు చేసే కుటుంబానికీ ఇది ఉమ్మడి ఆందోళన కావచ్చు. దైవం పట్ల గౌరవంతోనే దైవాన్ని ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి లాగవద్దని వీరు కోరతారు.

ఇతర దేశాల్లో

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న వేరే రూపంలో పరిచయమే. అక్కడి పాఠశాలల్లో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను 1892లో ఫ్రాన్సిస్ బెలమీ రాశారు. అప్పుడు అందులో దేవుని ప్రస్తావన లేదు. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో, కమ్యూనిస్టు దేశాలకు భిన్నంగా నిలబడాలన్న భావనతో 1954 జూన్ 14న దానిని చేర్చారు. అంతకు సరిగ్గా పదకొండేళ్ల ముందు, 1943 జూన్ 14న, జెండాకు వందనం చేయాలనీ, ప్రతిజ్ఞ పలకాలనీ విద్యార్థులను నిర్బంధించరాదని వెస్ట్ వర్జీనియా కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చిన్నపరెడ్డి తన తీర్పులో ఈ కేసును ప్రస్తావించారు. దేవుని ప్రస్తావనపై వచ్చిన సవాలును 2004లో అమెరికా సుప్రీంకోర్టు, పిటిషనరుకు దావా వేసే అర్హత లేదన్న కారణంతో తోసిపుచ్చింది. అసలు ప్రశ్న జోలికి వెళ్లలేదు.

ఇంగ్లండులో ప్రభుత్వ పాఠశాలల్లో సామూహిక ఆరాధన 1944 నుంచి చట్టరీత్యా ఉంది. అయితే తమ పిల్లలను దాని నుంచి మినహాయించమని కోరే హక్కు తల్లిదండ్రులకు ఉంది. జింబాబ్వే 2016లో పాఠశాలలకు ఒక జాతీయ ప్రతిజ్ఞను ప్రవేశపెట్టింది. అది సర్వశక్తిమంతుడైన దేవుణ్ణి సంబోధిస్తూ మొదలవుతుంది. దానికి అభ్యంతరం చెప్పినవారిలో క్రైస్తవులే ఉన్నారు. జెండా ముందు చేసే ప్రతిజ్ఞలో దేవుణ్ణి సంబోధించడం తమ విశ్వాసానికి తగదని వారు భావించారు.

ఆచరణలో దారులు

మన దేశంలోనే ఇందుకు కొన్ని నమూనాలు ఉన్నాయి. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రతిజ్ఞలో దేవుని పట్ల కర్తవ్యం ప్రస్తావన ఉంది. కానీ 'దేవుడు' అన్న చోట 'ధర్మం' అని చెప్పుకునే వీలు ఆ సంస్థ నియమాల్లోనే కల్పించారు. రాజ్యాంగ ప్రమాణాల మాదిరిగానే ఇక్కడా ఎంపిక పలికేవారిదే. 2020 జనవరి 26 నుంచి మహారాష్ట్ర పాఠశాలల్లో రాజ్యాంగ పీఠిక చదవడం తప్పనిసరి చేశారు. పీఠికలో విశ్వాస స్వేచ్ఛ ఉంది, ఏ విశ్వాసమూ లేదు. కొన్ని బడుల్లో వారంలో ఒక్కోరోజు ఒక్కో సంప్రదాయానికి చెందిన ప్రార్థన చదివిస్తారు. కొన్ని బడుల్లో ప్రార్థన స్థానంలో రెండు నిమిషాల మౌనం పాటిస్తారు. మౌనంలో ఎవరి దైవాన్ని వారు తలుచుకోవచ్చు, తలుచుకోకపోవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా ఉపాధ్యాయులు గుర్తుంచుకోవలసినవి మూడు ఉన్నాయి. మొదటిది, జాతీయ గీతం, ప్రతిజ్ఞ ఒకవైపు, ప్రార్థన మరొకవైపు అన్న విభజన స్పష్టంగా ఉండాలి. రెండూ కలసిపోయినప్పుడు ప్రార్థనకు అభ్యంతరం చెప్పినవారు దేశానికి అభ్యంతరం చెప్పినట్టు కనిపిస్తారు. రెండోది, పాడకుండా నిలబడిన విద్యార్థిని అందరి ముందూ నిలదీయకూడదు. 1986 తీర్పు ప్రకారం గౌరవంగా నిలబడటం చాలు. మూడోది, తల్లిదండ్రుల అభ్యంతరాన్ని ఫిర్యాదుగా కాక సమాచారంగా స్వీకరించాలి. సమ్మతి అడగవలసిన బాధ్యత రాజ్యాంగం ప్రకారం బడిదే.

తల్లిదండ్రులకూ ఒక బాధ్యత ఉంది. పక్క వరుసలోని పిల్లవాడు ఎందుకు మౌనంగా ఉన్నాడని తమ పిల్లలు అడిగినప్పుడు వారు ఇచ్చే జవాబు, బడి చెప్పే ఏ పాఠం కన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది. అతనికీ ఈ దేశం అంతే ఇష్టమని, దానిని చెప్పే తీరు మాత్రమే వేరని ఇంట్లో చెప్పగలిగితే చాలు.

1962లో విశాఖలో ఒక ఖజానా అధికారి రాసిన వాక్యాలు దేశమంతటా బడుల్లోకి చేరాయి. భిలాయి వంటి చోట, ఏడెనిమిది భాషలు మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాటిని ఒకే గొంతుతో చెప్పగలిగారు. ఎవరినీ వదలకుండా రాయడం వల్లనే అది సాధ్యమైంది. కొత్తగా ఏ వాక్యం చేర్చాలన్నా, ఏ వాక్యం తీసివేయాలన్నా, వరుసలో చివర నిలబడిన పిల్లవాడు దానిని మనస్ఫూర్తిగా చెప్పగలడా అన్నది ముందుగా అడగవలసిన ప్రశ్న.